ఈస్టర్–ఇష్తారు, సబ్బాతు–సబ్బత్: పండుగల పేర్లు అసలు ఎక్కడి నుంచి వచ్చాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నారు. మీ మేనేజర్ గారు యూదు మతస్థురాలు. టీమ్‌లో ఇంకొకతను తాను పాగన్‌నని, అంటే క్రైస్తవం రాకముందటి ఐరోపా దేవతలను కొలిచేవాణ్ణని చెప్పుకుంటాడు. ఆవిడ శుక్రవారం సాయంత్రం నుంచి 'షబ్బాత్' అని ఫోన్ ముట్టుకోరు. అతనేమో తమకు ఏడాదికి ఎనిమిది 'సబ్బత్'లు ఉన్నాయంటాడు. ఇంతలో మీ తెలుగు ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది: "ఈస్టర్ అంటే ఇష్తారు దేవత. బైబిల్లోని యూదుల పండుగల పేర్లే స్వచ్ఛమైనవి, మిగతావన్నీ పాగన్." ఇందులో నిజమెంత, ఈ పేర్లకు అర్థాలేమిటి, పండుగ రోజున ఆ ఇద్దరితో ఏమనాలి అని అడిగారు.

22 ఏళ్ళుగా ఒక వేదాంత కళాశాలలో హీబ్రూ చెబుతున్నాను. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ప్రతి ఏడాదీ, మార్చి నెల రాగానే, క్లాసులో వస్తుంది. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

ఈస్టర్ అనే మాటకూ ఇష్తారు అనే బబులోను దేవత పేరుకూ సంబంధం లేదు. వినడానికి దగ్గరగా ఉన్నాయి, అంతే.

మీ సహోద్యోగి చెప్పే 'సబ్బత్' మాత్రం నిజంగానే యూదుల 'షబ్బాత్' నుంచి వచ్చింది. కానీ ఆ మాట ప్రయాణించిన దారి చాలా బాధాకరమైనది. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

యూదుల పండుగల పేర్లు చాలావరకు మామూలు హీబ్రూ మాటలే. అయితే కొన్ని బబులోను నుంచి వచ్చాయి. వాళ్ళ నెలల్లో ఒకదానికి ఏకంగా ఒక దేవుడి పేరే ఉంది. కాబట్టి 'స్వచ్ఛమైన పేర్లు, మలినమైన పేర్లు' అన్న లెక్క ఎటువైపు నుంచీ నిలబడదు. పేరు పుట్టుక చూస్తే ఆ మాట ఏ ఊళ్ళ మీదుగా వచ్చిందో తెలుస్తుంది. ఆ పండుగ చేసుకునేవాళ్ళు ఎవరిని ఆరాధిస్తున్నారో దాన్నిబట్టి తెలియదు.

ఇక వివరాలు.

'పండుగ' అనడానికి హీబ్రూలో ఒక్క మాట కాదు, నాలుగున్నాయి. మొదటిది 'హగ్'. యాత్ర చేసి వెళ్ళి జరుపుకునే ఉత్సవం అని దీని భావం. అరబ్బీలో 'హజ్' దీనికి అక్కచెల్లెలు లాంటి మాట. మనకు యాత్ర నుంచి 'జాతర' వచ్చిందే, సరిగ్గా అలాంటిది. పస్కా, వారముల పండుగ, పర్ణశాలల పండుగ, ఈ మూడింటికీ యెరూషలేము వెళ్ళాలి కాబట్టి ఇవి మూడూ 'హగ్'లు. వీటికే 'రెగాలిమ్' అని ఇంకో పేరు. 'రెగెల్' అంటే పాదం. కాలినడకన వెళ్ళే పండుగలన్నమాట.

రెండోది 'మోయెద్'. ముందే నిర్ణయించుకుని కలుసుకునే సమయం. మన తెలుగు బైబిల్ అనువాదకులు దీన్ని 'నియామక కాలము' అన్నారు. ఇంతకంటే కచ్చితమైన మాట నాకు ఇన్నేళ్ళలో దొరకలేదు. మూడోది 'మిక్రా కోదెష్', అంటే పవిత్రమైన పిలుపు, పిలిచి కూర్చిన సభ. నాలుగోది 'యోమ్ తోవ్'. అంటే అచ్చంగా 'మంచి రోజు'. పెళ్ళికి మనం మంచి రోజు చూసుకుంటాం, వాళ్ళు పండుగనే మంచి రోజు అంటారు. యిద్దిష్ (ఐరోపా యూదుల భాష) మాట్లాడేవాళ్ళ నోట్లో అది 'యోంతిఫ్' అయింది. మీ మేనేజర్ గారి ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ మాట వినే ఉంటారు.

మన 'తిరునాళ్ళు'లో 'తిరు' అంటే పవిత్రం, 'నాళ్ళు' అంటే రోజులు. ఇంగ్లీషు 'హాలిడే' కూడా 'హోలీ డే' నుంచి వచ్చిందే. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేవాడికి ఆ మాటలోనే 'హోలీ డే' ఉందని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ భావం అతని నోట్లోనే ఉంది.

ఇప్పుడు షబ్బాత్. దీని ధాతువుకు అర్థం 'ఆగిపోవడం, మానేయడం'. ప్రసంగాల్లో 'షబ్బాత్ అంటే ఏడు' అని చెబుతుంటారు. అది పొరపాటు. ఏడు 'షెవ', దాని చివరి అక్షరం వేరు. 'షబ్బాత్ అంటే విశ్రాంతి' అనడం కూడా సగమే నిజం. విశ్రాంతి తర్వాత వచ్చే ఫలం. ముందు చేయాల్సింది చేతిలో పని ఆపడం. మన ఊళ్ళలో అమావాస్య నాడు మగ్గం ఆపేస్తారు, తాపీ పట్టుకోరు. ఆ 'ఆపడం' ఏదైతే ఉందో, ఈ మాట గుండె అక్కడే ఉంది. ఇజ్రాయెల్‌లో బస్సు డ్రైవర్లు సమ్మె చేస్తే దానికి వాడే మాట 'ష్వితా'. అదీ ఈ ధాతువే.

బబులోను భాషలో 'షపత్తు' అని ఒక మాట ఉంది. నెలలో పదిహేనో రోజు, అంటే పౌర్ణమి. బైబిల్లో 'అమావాస్యలు, విశ్రాంతిదినాలు' అని జంటగా కొన్ని చోట్ల రావడం చూసి, షబ్బాత్ కూడా మొదట పౌర్ణమి పండుగేమోనని కొందరు పండితులు అన్నారు. అయితే ఏడు రోజులకోసారి, చంద్రుడితో పని లేకుండా, తిరిగి తిరిగి వచ్చే రోజు బబులోనులో లేదు. మాటలు బంధువులైతే అయ్యుండొచ్చు, ఆచారాలు మాత్రం వేరు.

ఇంకో సంగతి చెప్పాలి. మన శనివారం శని గ్రహం పేరు మీద వచ్చింది. ఇంగ్లీషు సాటర్‌డే కూడా అంతే. యూదులకు మాత్రం ఇది తిరగబడింది. యూదు గురువుల చర్చల సంపుటమైన తాల్ముదులో శని గ్రహాన్ని 'షబ్బతాయి' అంటారు. రోజు పేరు గ్రహానికి పెట్టారు. మిగతా రోజులకైతే వాళ్ళు గ్రహాల పేర్లు పెట్టనే లేదు. మొదటి రోజు, రెండో రోజు అని లెక్క పెట్టుకుంటారు. పేరున్నది ఒక్క ఏడో రోజుకే.

పస్కా హీబ్రూలో 'పెసహ్'. ఐగుప్తులో ఆ రాత్రి దేవుడు ఇశ్రాయేలీయుల ఇళ్ళను దాటిపోయాడు కాబట్టి ఈ పేరు అని నిర్గమకాండమే చెబుతుంది. అదే ధాతువుకు 'కుంటడం' అనే అర్థం కూడా ఉంది. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు బలిపీఠం చుట్టూ గంతులేశారు కదా, అక్కడ వాడిన క్రియ ఇదే. అందుకని పెసహ్ మొదట గొర్రెల కాపరుల గంతుల నృత్యమని ఊహించినవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ ఊహ మీద నమ్మకం లేదు. యెషయా 31వ అధ్యాయంలో పక్షులు గూటి మీద ఎగురుతూ కాపాడినట్టు అన్న చోట కూడా ఈ క్రియే వచ్చింది. 'కాపాడుతూ దాటడం' అన్న అర్థం నాకు సరిగ్గా అనిపిస్తుంది. అరమేయిక్‌లో 'పస్హా', గ్రీకులో 'పస్కా' అయి, అక్కడి నుంచి మన తెలుగుకు వచ్చింది. ఇంగ్లీషు 'పాసోవర్' అనే మాటను 1530లో బైబిల్ అనువాదకుడు విలియం టిండేల్ తయారుచేశాడు.

వారముల పండుగ 'షావువోత్', అంటే వారాలు. ఏడు వారాల తర్వాత యాభయ్యో రోజు కాబట్టి గ్రీకులో 'పెంతెకొస్తు', 'యాభయ్యవది'. పర్ణశాలల పండుగ 'సుక్కోత్', 'సుక్కా' అంటే పందిరి. అక్టోబరు ప్రాంతంలో మీ వీధిలో ఎవరి పెరట్లోనైనా ఆకులూ కొమ్మలూ కప్పిన పందిరి కనిపిస్తే అదే. రాత్రిపూట ఆకుల సందుల్లోంచి నక్షత్రాలు కనిపించేలా కప్పాలంటారు. రోష్ హషానా అంటే 'సంవత్సరపు తల', అచ్చం మన సంవత్సరాది. ఆశ్చర్యమేమిటంటే లేవీయకాండంలో ఆ పండుగకు ఆ పేరు లేదు. అక్కడ అది కొమ్ము ఊదే రోజు మాత్రమే. ఆ ఊదే పొట్టేలు కొమ్ముకు 'యోవెల్' అని ఒక పేరు. యాభై ఏళ్ళకోసారి ఆ కొమ్ము ఊది చాటే ఏడాది 'సునాద సంవత్సరం'. ఆ 'యోవెలే' లాటిను మీదుగా 'జూబ్లీ' అయింది. సిల్వర్ జూబ్లీ అన్నప్పుడల్లా, హైదరాబాదులో జూబ్లీహిల్స్ బస్సు ఎక్కినప్పుడల్లా, మనం ఒక పొట్టేలు కొమ్మును తలుచుకుంటున్నాం.

యోమ్ కిప్పూర్‌లో 'కిప్పూర్' కప్పడమా, తుడవడమా అని పాత చర్చ ఉంది. బబులోను భాషలో 'కుప్పురు' అంటే తుడిచి శుద్ధి చేయడం. వాళ్ళ కొత్త సంవత్సరపు అకీతు పండుగ ఐదో రోజున పూజారి గొర్రె కళేబరంతో గుడిని 'తుడిచేవాడు'. క్రియ ఒకటే. గుడి శుద్ధి అన్న ఆలోచన ఆ ప్రాంతమంతటా ఉంది. దాన్ని మనిషి పాపానికీ, పశ్చాత్తాపానికీ, ఒక జనం మొత్తం ఉపవాసానికీ ముడిపెట్టడం యూదుల పండుగలో కనిపించే విశేషం.

పూరీము దగ్గర కాసేపు ఆగాలి. ఎస్తేరు గ్రంథంలో హామాను యూదులను చంపే రోజు కోసం 'పూరు' వేయించాడని ఉంటుంది. రాసినవాడే పక్కన 'అనగా చీటి' అని హీబ్రూ మాటతో వివరించాడు. తన పాఠకులకు ఆ మాట కొత్తదని ఆయనకు తెలుసు. అది అష్షూరు, బబులోను భాషల మాట 'పూరు'. యేల్ విశ్వవిద్యాలయంలోని బబులోను సేకరణలో ఒక చిన్న మట్టి పాచిక ఉంది. అంగుళం పైచిలుకు ఉంటుంది. క్రీ.పూ. 9వ శతాబ్దం నాటిది, అష్షూరు రాజు మూడో షల్మనేసెరు కొలువులోని యహాలీ అనే పెద్ద అధికారిది. అతని పదవీకాలంలో పంటలు బాగా పండాలని, అష్షూరు, అదదు దేవుళ్ళ ముందు అతని 'పూరు' పైకి తేలాలని దాని మీద చెక్కారు. ప్రతి ఏడాదీ ఈ పాచిక ఫోటోను క్లాసులో చూపిస్తాను. రెండు వేల ఎనిమిది వందల ఏళ్ళ నాడు ఎవరో అరచేతిలో ఆడించిన ఆ వస్తువు మీద 'పూరు' అన్న అక్షరాలు చూడగానే పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోతారు. ఒక యూదు పండుగ పేరు అష్షూరు దేవుళ్ళ ముందు వేసే పాచిక పేరు. అయినా పూరీము చేసుకునే యూదు ఎవరూ అష్షూరును కొలవడం లేదు. ఆ పాచిక తమను చంపలేకపోయిందని పండుగ చేసుకుంటున్నాడు.

పైగా, ఇష్తారు పేరుతో నిజంగా సంబంధం ఉండే అవకాశమున్న పేరు బైబిల్లో ఒకటుంది. అది ఎస్తేరు. 'నక్షత్రం' అనే పర్షియా మాట నుంచి వచ్చిందని కొందరు, ఇష్తారు నుంచి వచ్చిందని కొందరు అంటారు. మొర్దెకైలో బబులోను దేవుడు మర్దూకు పేరు ఉండడం మాత్రం దాదాపు అందరూ ఒప్పుకునేదే. చెరలో ఉన్నవాళ్ళు చుట్టూ ఉన్న పేర్లే పెట్టుకున్నారు.

నెలల సంగతీ అంతే. నీసాను, సీవాను, తమ్మూజు, ఏలూలు, తిష్రీ, అదారు, ఇవన్నీ బబులోను నెలల పేర్లు. 'నెలల పేర్లు బబులోను నుంచి మాతో వచ్చాయి' అని యెరూషలేము తాల్ముదు దాచకుండా చెబుతుంది. వీటిలో తమ్మూజు సుమేరు దేవుడు దుముజి పేరు. యెహెజ్కేలు 8వ అధ్యాయంలో స్త్రీలు ఎవరి కోసం ఏడుస్తున్నారని ప్రవక్త మండిపడ్డాడో, ఆ తమ్మూజే. ఆ నెల 17వ తేదీన యూదులు ఉపవాసం ఉంటారు, యెరూషలేము గోడ కూలిన దుఃఖానికి. దేవుడి పేరున్న నెలలో నిష్ఠగా ఉపవాసం ఉంటున్న వాళ్ళను చూశాక, పేరు వింటేనే మలినం అంటుకుంటుందనే వాదన నేను ఒప్పుకోలేను.

హనుక్కా గురించి ఒక్క మాట. 'ప్రతిష్ఠ' అని అర్థం. క్రీ.పూ. 164లో మక్కబీయులు అనే యూదు యోధులు ఆలయాన్ని తిరిగి శుద్ధి చేసి ప్రతిష్ఠించారు. తెలుగు బైబిల్లో యోహాను 10వ అధ్యాయంలో 'ఆలయ ప్రతిష్ఠిత పండుగ' ఇదే. ఇప్పటి హీబ్రూలో 'హనుక్కత్ బాయిత్' అంటే గృహప్రవేశం.

ఇక ఈస్టర్. నిజానికి ఈ గొడవ ఇంగ్లీషు, జర్మన్ మాట్లాడేవాళ్ళది. ఫ్రెంచిలో 'పాక్', స్పానిష్‌లో 'పాస్కువా', ఇటాలియన్‌లో 'పాస్క్వా', అన్నీ పెసహ్ నుంచే. క్రైస్తవులు రెండో శతాబ్దం నుంచే గ్రీకులో ఈ పండుగను 'పస్కా' అనేవాళ్ళు. అప్పటికి ఇంగ్లీషు భాషే లేదు. ఇష్తారు పేరు మీద పండుగ పెట్టి ఉంటే ఆ పేరు సిరియాలో, గ్రీకులో ఉండాలి కదా. ఎక్కడో ఉత్తరాన ఇంగ్లండులో ఎందుకు ఉంటుంది?

ఇంగ్లీషు పేరు గురించి మనకున్న సాక్షి ఒక్కడే. జారో మఠంలో ఉన్న బీడ్ అనే సన్యాసి. 725లో కాలగణన మీద రాస్తూ, ఏప్రిల్ నెలను పాత ఇంగ్లీషువాళ్ళు 'ఎయోస్తుర్‌మోనత్' అనేవారని, ఎయోస్త్రే అనే దేవత పేరు మీద అది వచ్చిందని చెప్పాడు. నెల పేరు పస్కాకు అతుక్కుంది. ఎయోస్త్రే కథలు, విగ్రహాలు, కుందేళ్ళు, గుడ్లు, వీటిలో ఏదీ బీడ్ రాయలేదు. 1835లో యాకబ్ గ్రిమ్ అనే జర్మన్ భాషాపండితుడు జర్మనీలో 'ఓస్టారా' అనే దేవత ఉండి ఉండాలని ఊహించాడు. 1958లో జర్మనీలో మోర్కెన్–హార్ఫ్ దగ్గర 'అవుస్త్రియాహెనే' అనే మాతృదేవతల పేరుతో 150కి పైగా రోమను కాలపు శాసనాలు దొరికాక, బీడ్ చెప్పిన పేరు కల్పన కాకపోవచ్చని చాలామంది అనుకుంటున్నారు. ఈ మాటల మూలం 'తూర్పు, తెల్లవారు వెలుగు'. మన 'ఉషస్సు' కూడా ఆ కుటుంబానిదే. ఇష్తారు భాష దీనికి పూర్తిగా వేరే కుటుంబం. ఇష్తారు కథను జనంలోకి తెచ్చింది 19వ శతాబ్దపు స్కాట్లాండ్ మతబోధకుడు అలెగ్జాండర్ హిస్లాప్. ఆయనకు రోమన్ కాథలిక్కుల మీద ఉన్న కోపంతో అల్లిన వాదమది. నూట యాభై ఏళ్ళు దాటినా వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది.

నాలుగేళ్ళ క్రితం నా దగ్గర చదివిన ఒక అబ్బాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. వాళ్ళ సంఘంలో యూత్ రెండు ముక్కలైందట, బ్యానర్ మీద 'ఈస్టర్' అని వేయాలా వద్దా అని. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. అతనితో ఒకటే చెప్పాను. 'పునరుత్థాన పండుగ' అని మనకు చక్కటి తెలుగు పేరుంది, ఇష్టమైతే అది వేయండి. కానీ 'ఈస్టర్' అన్నవాడు విగ్రహారాధకుడు అనొద్దు. అలాగైతే 'తమ్మూజు 17' అని ఉపవాసం ఉన్న యూదుని ఏమంటారు? రెండు పేర్లూ వేసి బ్యానర్ కట్టారని తర్వాత తెలిసింది.

యూదు గురువులు తమ చుట్టూ ఉన్న పాగన్ పండుగల్ని ఎలా చూశారో కూడా తెలుసుకోవాలి. సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నా అనే యూదు ధర్మశాస్త్ర సంకలనంలో 'అవొదా జారా' అనే భాగం రోమను పండుగల్ని పేర్లతో లెక్కపెడుతుంది: కలెందా, సతుర్నూరా, ఇంకా కొన్ని. ఆ పండుగలకు వాళ్ళు 'హగ్' అనే తమ మాట వాడలేదు, 'ఏద్' అన్నారు. దాన్ని అలెఫ్ అక్షరంతో రాస్తే 'ఆపద', అయిన్‌తో రాస్తే 'సాక్ష్యం'. ఏ అక్షరంతో రాయాలని రవ్, షమూయేల్ అనే ఇద్దరు గురువులు తాల్ముదులో వాదించుకున్నారు. కానీ అదే తాల్ముదులో ఇంకో కథ ఉంది. ఆదాము మొదటి చలికాలంలో పగళ్ళు తగ్గిపోవడం చూసి, తన పాపం వల్ల లోకం చీకటైపోతోందని భయపడి ఎనిమిది రోజులు ఉపవాసం ఉన్నాడట. పగళ్ళు మళ్ళీ పెరగడం చూసి ఎనిమిది రోజులు పండుగ చేసుకున్నాడట. ఆయన చేసింది దేవుని కోసం, తర్వాతివాళ్ళు దాన్ని విగ్రహాల కోసం చేశారు అని ముగిస్తుంది. ఎదుటివాళ్ళ పండుగను తప్పుపడుతూనే, దాని వెనుక ఉన్న మనిషి భయాన్ని అర్థం చేసుకున్న కథ ఇది. క్లాసులో నాకు చాలా ఇష్టమైన పాఠం.

కలెందా అంటే రోమనుల 'కలెండే', నెల మొదటి రోజు. 'కలారే' అంటే బిగ్గరగా పిలిచి చాటడం. అమావాస్య వెళ్ళాక నెలవంక చూసి, పూజారి జనాన్ని పిలిచి, తర్వాతి ముఖ్య దినం ఐదో నాడా ఏడో నాడా అని కేక వేసేవాడు. యెరూషలేములో కూడా సాక్షులు వచ్చి నెలవంక చూశామంటే, న్యాయసభ పెద్ద 'పవిత్రమైంది' అనేవాడు, జనమంతా 'పవిత్రమైంది, పవిత్రమైంది' అని బదులిచ్చేవాళ్ళు. 'మిక్రా' అంటే పిలుపు, 'కలెండే' అంటే పిలుపు. ఒకరినొకరు చూసి పెట్టుకున్న పేర్లు కావు. క్యాలెండర్ అచ్చు వేసే రోజులు కావు కాబట్టి పండుగను ఇద్దరూ చాటింపు వేయాల్సి వచ్చింది. మన గోడ మీద వేలాడే క్యాలెండర్ పేరు ఆ రోమను కేకే.

ఇప్పుడు మీ సహోద్యోగి సబ్బత్. మధ్యయుగపు ఐరోపాలో చర్చి విచారణాధికారులు తాము మతద్రోహులని, మంత్రగత్తెలని వేటాడేవాళ్ళ రహస్య సమావేశాలకు పేరు పెట్టాల్సి వచ్చింది. అప్పటికి వాళ్ళ సమాజంలో అందరూ అసహ్యించుకునేలా చేసిన జనం యూదులు. అందుకని ఆ సమావేశాలను మొదట 'సినగోగు' (యూదుల సమాజమందిరం పేరు) అన్నారు, 15వ శతాబ్దానికి 'సబ్బత్' అన్నారు. యూదులు వారానికోసారి దీపం వెలిగించి, రొట్టె విరిచి, పని ఆపుకునే ప్రశాంతమైన రోజు పేరును తీసుకుని, సైతానుతో నాట్యమాడే రాత్రి అనే కట్టుకథకు తగిలించారు. ఆ కథ పేరు చెప్పి ఎందరినో, ముఖ్యంగా ఆడవాళ్ళను, కాల్చేశారు. 1921లో మార్గరెట్ మర్రే అనే పండితురాలు ఈ మాట 'ఉల్లాసంగా ఆడుకోవడం' అనే పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చిందని వాదించింది. ఆ వాదన నిలబడలేదు. 1950లలో జెరాల్డ్ గార్డ్‌నర్ ఇంగ్లండులో విక్కా అనే ఆధునిక పాగన్ మతాన్ని జనంలోకి తెచ్చినప్పుడు, తిట్టుగా వాడిన ఈ మాటను తమ పండుగలకు గౌరవంగా పెట్టుకున్నారు.

'పాగన్' అనే మాట కథ కూడా ఇలాంటిదే. లాటినులో 'పగానుస్' అంటే పల్లెటూరివాడు, సైన్యంలో లేని మామూలు మనిషి. నాలుగో శతాబ్దపు క్రైస్తవులు తమలో చేరనివాళ్ళకు ఆ పేరు పెట్టారు. జుపిటరుకు బలి ఇచ్చే రోమనుకు తన మతం 'పాగనిజం' అని తెలియదు. ఇప్పటివాళ్ళు మాత్రం ఆ పేరును కావాలనే ఎంచుకున్నారు, కాబట్టి మీ సహోద్యోగిని అలా పిలవడం తప్పు కాదు.

వాళ్ళ ఎనిమిది పండుగల చక్రం ప్రాచీనం అని చెబుతుంటారు. విడివిడిగా నాలుగైదు పేర్లు నిజంగా పాతవి. ఎనిమిదింటినీ కలిపిన చక్రం మాత్రం 1950లలో ఇంగ్లండులో కుదిరింది. సావిన్ (రాసేది వేరేలా ఉంటుంది, పలికేది ఇలా) ఐరిష్‌లో 'వేసవి ముగింపు' అని పాత వివరణ, 'సమావేశం' అని కొందరి మాట. బెల్టేన్లో వెలుగు, నిప్పు ఉన్నాయి. పశువులను రెండు మంటల మధ్య నుంచి తోలేవారని పాత ఐరిష్ నిఘంటువు చెబుతుంది. ఇంబోల్క్ గొర్రెలు ఈనే కాలం, 'కడుపులో' అనే అర్థంతో. లూనసా లుగ్ దేవుడి సభ. ఐర్లండులో ఈ రోజుకీ మే నెల పేరు బెల్తినె, ఆగస్టు లూనసా, నవంబరు సావిన్. ఐరిష్ కాథలిక్ అమ్మమ్మ అద్దె కట్టాల్సిన తేదీ చెప్పేటప్పుడు లుగ్ దేవుడి పేరు పలుకుతుంది. యూల్ జర్మానిక్ పండుగ. నార్వే రాజు హాకోన్ 10వ శతాబ్దంలో దాన్ని క్రిస్మస్ రోజుకు జరిపాడని ఐస్‌లాండ్ చరిత్రకారులు రాశారు. మిగతావాటిలో 'లీథా' బీడ్ చెప్పిన జూన్–జూలై నెలల పేరు. 'మేబన్' వెల్ష్ కథలో తల్లి నుంచి దొంగిలించబడిన బిడ్డ పేరు. 1970లలో అమెరికాకు చెందిన ఏడన్ కెల్లీ వీటిని, ఓస్టారాను పండుగలకు పెట్టాడు. కొత్తవి అన్నంత మాత్రాన తక్కువవి అని నేననను. అతనితో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే చాలు.

మన దేశంలో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. కొంకణ తీరంలో తరతరాలుగా ఉన్న బెనె ఇశ్రాయేలు యూదులు హీబ్రూ దాదాపు మరిచిపోయారు, కానీ శనివారం గానుగ తిప్పలేదు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళను 'శనివార్ తేలీ' అన్నారు, శనివారం పని చేయని నూనెవాళ్ళని. షబ్బాత్ అనే మాట పోయింది, ఆపడం మిగిలింది. కొన్నేళ్ళ క్రితం ముంబైలో ఒక బెనె ఇశ్రాయేలు ఇంట్లో పెద్దావిడ నాకు పాత పండుగల పేర్లు చెప్పింది, ఒక్కొక్క వేలు ముడుస్తూ. యోమ్ కిప్పూర్ 'దర్‌ఫాల్నీచా సణ్', తలుపులు మూసే పండుగ. ఆ రోజు తలుపు వేసుకుని ఎవరినీ ముట్టుకునేవాళ్ళు కాదు. పస్కా 'అనాశీ ఢాకాచా సణ్', పులుపు కుండ మూత పెట్టే పండుగ. పులిసినది తినకూడదన్న ఆజ్ఞ వంటింట్లో అలా మిగిలింది. యెరూషలేము ఆలయం కూలిన దుఃఖదినం 'బిర్డ్యాచా సణ్', ఆ రోజు వండే మొలకల కూర పేరు మీద. పూరీము ఫాల్గుణంలో హోళీ పక్కనే వస్తుంది కాబట్టి 'హోళీచా సణ్'. ఇక్కడ పూరీముకు హిందూ పండుగ పేరు ఉంది. ఆ ఫార్వర్డ్ రాసినవారి లెక్కలో ఇది 'పాగన్' అయిపోవాలి. కానీ గ్రంథం చేతిలో లేకపోయినా, భాష మరిచిపోయినా, నమ్మకాన్ని వదలని మనుషులు వీళ్ళు. ఆ పెద్దావిడ వేళ్ళు ముడుస్తూ చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిము' అనే చిన్న తెలుగు యూదు సమాజం కూడా ఉంది, తమ సినగోగుతో. సెలవుల్లో వచ్చినప్పుడు వీలైతే ముందుగా అడిగి వెళ్ళి రండి.

చివరగా మీరు అడిగిన పలకరింపులు. శుక్రవారం సాయంత్రం మీ మేనేజర్ గారికి 'షబ్బాత్ షాలోమ్' అనండి. పస్కా, సుక్కోత్, హనుక్కాలకు 'హగ్ సమేయహ్', అంటే సంతోషకరమైన పండుగ. రోష్ హషానాకు 'షానా తోవా', మంచి సంవత్సరం. యోమ్ కిప్పూర్‌కు మాత్రం 'హ్యాపీ' అనొద్దు, అది ఉపవాస దినం. 'త్సోమ్ కల్' అనండి, ఉపవాసం తేలికగా గడవాలని. ఆ రోజుకు ముందు సాయంత్రం, పొద్దుగూకకముందే చెప్పండి. మర్నాడు ఆవిడ మెసేజ్ చూడరు. మీ సహోద్యోగికి అక్టోబరు 31న 'బ్లెస్డ్ సావిన్' అంటే చాలు. అతని పండుగ పేరును సరిగ్గా పలికేవాళ్ళు ఆఫీసులో ఎక్కువమంది ఉండరు.